అరుగు మీద రేడియో, మన గోడకు టీవీ

(కార్యకర్తల శిక్షణా తరగతుల్లో రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)



నిన్నటి నుంచి మీరు భూమి గురించి విన్నారు, కూలి రేట్ల గురించి విన్నారు, అట్రాసిటీ కేసు పెట్టాలంటే ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో విన్నారు. ఇప్పుడు నన్ను రేడియో, టీవీల మీద మాట్లాడమన్నారు. భోజనాల దగ్గర ఒకాయన అడగనే అడిగాడు: "టీవీ గురించి క్లాసేంది సారూ, ఇంటికి పోతే అదేగా చూసేది?" అని. ఆయన మాటలోనే నా మొదటి పాయింటు ఉంది. రోజూ చేసే పనిని మనం లెక్కపెట్టం. కూలి డబ్బులు పది రూపాయలు తగ్గితే లెక్కపెడతాం. సాయంత్రం మూడు గంటలు ఎటు పోయినయ్యో లెక్కపెట్టం. ఆ మూడు గంటల్లో ఎవరి మాట మన చెవిలో పడింది, ఎవరి మాట పడలేదు అనేది అసలే లెక్కపెట్టం.

ఒక సంగతి చెప్పి మొదలుపెడతా. ఈమధ్య ఒక పల్లెకి పోయాం. 60 గడపలు. శ్మశానానికి పోయే దారిని పక్క చేను ఆసామి దున్నేశాడు. వానల్లో ఒక ముసలమ్మ చనిపోతే శవాన్ని మోసుకుని మోకాలి లోతు బురదలో పోవాల్సొచ్చింది. దీని మీద రాత్రి 8 గంటలకు మీటింగ్ అని ఇంటింటికీ తిరిగి చెప్పాం. అందరూ వస్తామన్నారు. వచ్చింది 11 మంది. అందులో ఆడవాళ్లు ఇద్దరు. తక్కిన ఇళ్ల తలుపులు దగ్గరకేసి ఉన్నాయి. బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఒకటే సీరియలు మాటలు ప్రతి ఇంట్లోంచీ వినపడతన్నయ్. మాతో వచ్చిన కుర్రోడు కోపం పట్టలేక "ఈ జనం బాగుపడరు" అన్నాడు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే నేనిప్పుడు నిలబడ్డా.

మా అయ్య గడియారం

మా అయ్య ఒక కామందు దగ్గర పాలేరు. చుక్క పొడిచే వేళకు కొట్టంలో ఉండాలి. ఆ ఇంటి అరుగు మీద రేడియో ఉండేది, దానికి గుడ్డ కుట్టించి తొడిగారు. మా ఇంట్లో ఎవరికీ అలాంటి కొత్త గుడ్డ లేదు. విజయవాడ కేంద్రం పలకడం మొదలెట్టేసరికి మా అయ్య పేడ తీస్తా ఉండాలి. భక్తిరంజని అయిపోయేసరికి కొట్టం శుభ్రం కావాలి. 6:45కి ప్రాంతీయ వార్తలు వచ్చేసరికి కుడితి పెట్టడం అయిపోవాలి. 6:55కి సంస్కృత వార్తలు. అప్పటికి ఎడ్లు బయటికి రావాలి. 7:05కి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేసరికి మా అయ్య చేను దారిలో ఉండాలి. లేకపోతే అరుగు మీద నుంచి మాట పడేది: "వార్తలు వస్తన్నాయి, ఇంకా కొట్టంలోనే ఉన్నావా?" అని.

అందరూ రేడియో అంటే పాటలు, నాటకాలు, ఆదివారం బాలానందం, సంక్షిప్త శబ్దచిత్రం అని ముచ్చటగా చెప్పుకుంటారు. నిజమే, అవన్నీ ఉన్నాయి, మేమూ ఇష్టపడ్డాం. కానీ మా అయ్యకు మాత్రం రేడియో మేస్త్రీ. చేతికి గడియారం లేని పాలేరుకు కామందు పెట్టిన గడియారం అది.

అయితే ఇంకో సంగతి కూడా ఉంది. మా అయ్య ఆ అరుగు ఎక్కకూడదు. అరుగు మీది రేడియో మాట మాత్రం దిగి కొట్టంలోకి వచ్చేది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మా అయ్యకు అక్షరం రాదు. కానీ ఏ మంత్రి మారాడు, ఎక్కడ తుపాను పడింది, ఏ యుద్ధం ఎక్కడ జరుగుతోంది అన్నీ తెలుసు. రాత్రి గంజి తాగాక పల్లెలో నలుగురూ మా అయ్య చుట్టూ చేరేవాళ్లు. పేడ ఎత్తుతా విన్న వార్తల్ని ఆయన పూస గుచ్చినట్టు చెప్పేవాడు. అంటే మా పల్లెకి వార్తాపత్రిక మా అయ్యే. మనవాళ్లకు తెలివి లేదు, లోకజ్ఞానం లేదు అనేవాళ్లకు నేను ఈ ఒక్క సంగతి చెబుతా. ఎదురుగా కూర్చుని వినే హక్కు లేని మనిషి చాటు నుంచి విని, గుర్తు పెట్టుకుని, పదిమందికి పంచాడు. ఇంతకంటే పెద్ద చదువరి ఎవరు?

ఎవరితో మాట్లాడింది రేడియో?

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి దక్కన్ రేడియోను 1950లో ఆలిండియా రేడియో తీసుకుంది. 1963లో విశాఖపట్నం, కడప కేంద్రాలు వచ్చాయి. ఇదంతా ప్రజల సొమ్ముతో నడిచిన సంస్థ. రేడియో ఉన్న ప్రతివాడూ పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులవి.

సాయంత్రం పాడిపంటలు వచ్చేది. మంచి కార్యక్రమం, కాదనను. కానీ "రైతు సోదరులకు" అని పిలుపు మొదలయ్యేది. ఎకరాకు ఎంత విత్తనం, ఎన్ని బస్తాల ఎరువు, పురుగు మందు ఎన్ని పాళ్లు. ఎకరం లేనివాడిని పిలిచిన పిలుపు నేను విన్నంతలో వినలేదు. మందు కొనేది రైతు, వీపున పంపు మోసి కొట్టేది మనం. కళ్లు మండేది మనకి, చేను మధ్యలో కళ్లు తిరిగి పడేది మనం. నాట్లు వేసే ఆడకూలీకి నడుం నొప్పి వస్తే ఏం చెయ్యాలి, కూలి చట్టం ఎంత ఇవ్వమంటోంది అనేది కూడా పంటలో భాగమే. వ్యవసాయం అంటే భూమి ఉన్నవాడిదే అని మన చెవులకు రోజూ ఎక్కించారు. మనం కూడా నమ్మాం.

ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి ధర్మసందేహాలు. ఆయన గొంతు వింటే నడిచేవాడు ఆగిపోయేవాడు. జనం ఉత్తరాలు రాసి సందేహాలు అడిగేవాళ్లు. నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది: మనకు కూడా ఒక ధర్మసందేహం ఉంది కదా! మా అయ్య పిండిన పాలు ఇంట్లోకి పోతాయి, మా అయ్య మోసిన ధాన్యం ఇంట్లోకి పోద్ది, మా అయ్య మాత్రం అరుగెక్కకూడదు, ఇదేం ధర్మం? ఈ ప్రశ్న కార్డు ముక్క మీద రాసి పంపాలని మావాళ్లలో ఎవరికీ తోచలేదు. తోచినా రాయడానికి అక్షరం లేదు. అడగని ప్రశ్నకు జవాబు ఎక్కడిది?

సంస్కృత వార్తల సంగతి మీలో పెద్దవాళ్లందరికీ గుర్తే. ఆ మొదటి వాక్యం పల్లెలో పిల్లలు కూడా అప్పచెప్పేవాళ్లు, నవ్వుకుంటా. 1974 జూన్ 30న మొదలయ్యాయి ఆ వార్తలు. సంస్కృతం మా మాతృభాష అని 1981 జనాభా లెక్కల్లో రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 6,106 మంది. ఒక పెద్ద మండల కేంద్రంలో సంతకు వచ్చే జనం కంటే తక్కువ. నాకు ఏ భాష మీదా ద్వేషం లేదు. కానీ లెక్క అడుగుతా. ఆరు వేల మంది భాషకు రోజూ ప్రభుత్వ టైము దొరికింది. కోట్ల మంది కూలి జనం కష్టసుఖాలకు రోజూ అయిదు నిమిషాలు ఎవరిచ్చారు? డప్పుకు, చిందుకు, మన ఆడవాళ్ల నాట్ల పాటలకు ఎప్పుడో ఒకసారి జానపదం అని చోటిచ్చారు. వాళ్ల పాట సంగీతం, మన పాట జానపదం.

మైకుకు కులం లేదు. మైకు ముందు ఎవర్ని కూర్చోబెట్టాలో నిర్ణయించే కుర్చీకి ఉంది. ఆ కుర్చీ దాకా మనవాళ్లు పోనే లేదా అంటే పోయారు. మహాకవి జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియోలో పనిచేశారు. బాబాసాహెబ్ 1954 అక్టోబర్ 3న ఆలిండియా రేడియోలో తన జీవిత తత్వం మీద మాట్లాడారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడు మాటల్లో తన తత్వం ఉందని, వాటిని తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి తీసుకున్నానని ఆ ప్రసంగంలో చెప్పారు. నిమిషాల ప్రసంగం. డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా మనం చెప్పుకుంటన్నాం. సరైన మనిషికి మైకు దొరికితే ఎంత పని జరుగుద్దో దీన్నిబట్టి చూసుకోండి.

పల్లెలోకి వచ్చిన మొదటి ట్రాన్సిస్టరు

మా పెదనాన్న కొడుకు రైల్వేలో గ్యాంగ్‌మన్. జీతం దాచి ట్రాన్సిస్టరు కొన్నాడు. సెలవుకు వచ్చినప్పుడు చర్చి మెట్ల మీద పెట్టేవాడు. చిన్నా పెద్దా దాని చుట్టూ చేరేవాళ్లం. రేడియో సిలోన్ తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు. సెల్లులు అయిపోతే ఎండలో పెట్టి, ఇంకో రెండు పాటలు పిండుకునేవాళ్లం. అరుగు లేని మాకు ఆ చర్చి మెట్లే అరుగు.

ఒకరోజు అన్న ట్రాన్సిస్టరు భుజాన వేసుకుని, పాట మోగతా ఉండగా ఊళ్లో బజారు మీదుగా స్టేషనుకు పోతన్నాడు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన పిలిచి, "ఆపుకుని నడవరా" అన్నాడు. పాటకు అంటు ఏంటి? చెప్పులు విప్పి నడవాలి, సైకిలు దిగి నడవాలి, తలగుడ్డ తీసి నడవాలి. రేడియో ఆపి నడవాలనేది ఆ జాబితాలో కొత్తగా చేరింది. అన్న ఆపాడు. ఊరు దాటాక మళ్లీ పెట్టాడు, ఇందాకటి కంటే గట్టిగా. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆత్మగౌరవం అనే మాట నేను మీటింగుల్లో నేర్చుకోలేదు, ఊరు దాటాక పెరిగిన ఆ సౌండులో నేర్చుకున్నా.

కిటికీ బయట నిలబడ్డ టీవీ

ఇక టీవీ. మన రాష్ట్రంలో పల్లెజనం టీవీ చూసింది 1975లో. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాల్లో టీవీలు పెట్టి చూశారు. మన రాష్ట్రమూ అందులో ఉంది. ఊరికి ఒక టీవీ, బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో. రోజుకు నాలుగు గంటలు. ఏడాది అయ్యాక ఉపగ్రహాన్ని పక్కకు తీసుకుపోయారు. ఆ ఏర్పాటులో ఒక మంచి ఉంది, ఊరందరికీ కలిపి ఒకటే టీవీ. అందరూ చూడాల్సింది ఒకచోటే. కానీ ఆ చోటు ఎక్కడ అనేది మన దేశంలో చిన్న ప్రశ్న కాదు. పంచాయతీ ఆఫీసు ఎవరి బజార్లో ఉంటది? బడిలో ముందు వరసలో ఎవరు కూర్చుంటారు?

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చింది. 1984లో దేశమంతా గబగబా ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. అప్పుడు మా ఊరి పెద్దిళ్లలోకి టీవీలు వచ్చాయి. శుక్రవారం చిత్రలహరి, శనివారం తెలుగు సినిమా. మేం కిటికీ బయట. ఊచల మధ్య మొహం పెట్టుకుని నిలబడేవాళ్లం. పొడుగోడు వెనక, పొట్టోడు ముందు. ఆ ఇంటావిడ "రెండు బిందెలు నీళ్లు తెచ్చి పెడితే చూడనిస్తా" అనేది. "పచ్చగడ్డి మోపు తెచ్చినోడికి అరుగు కింద చోటు" అనేవాళ్లు. సినిమా మధ్యలో పని పడితే మమ్మల్నే పంపేవాళ్లు. మేం చూసిన ఏ సినిమాకూ పూర్తి కథ తెలీదు. మధ్యలో కిటికీ మూసేసిన రోజులూ ఉన్నాయి. చెవులు గోడకానించి మాటలు వినేవాళ్లం. మా అయ్య రేడియో కొట్టం నుంచి విన్నాడు, నేను టీవీ గోడ బయట నుంచి విన్నా. తరం మారింది, నిలబడ్డ చోటు మారలేదు.

1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దున రామాయణం, తర్వాత మహాభారతం. ఆ గంట బజార్లు ఖాళీ. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోండి. రామాయణం సీరియలు పట్టాభిషేకంతో ఆపేస్తారని తెలిసి పంజాబ్‌లోని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్లు వాల్మీకి కులస్థులు. వాల్మీకి మా కులగురువు, ఆయన కనిపించే ఉత్తరకాండ తియ్యకుండా ఎట్లా ఆపుతారు అని చీపుర్లు కింద పెట్టారు. సమ్మె మిగతా ఊళ్లకూ పాకింది. చివరకు ఉత్తరకాండ కూడా తీశారు.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. చెత్త ఎత్తే కార్మికుడు జీతం కోసం కాక సీరియలు కోసం సమ్మె చేశాడేంటి అని బాధపడొచ్చు. అదే ఉత్తరకాండలో తపస్సు చేసిన నేరానికి శంబూకుడి తల నరికిన కథ ఉంది, ఆ కథ మనకెవరు చెబుతారు అని అడగొచ్చు. నేను రెండో వైపు కూడా చూడమంటా. దేశమంతా చూసే తెర మీద మా మనిషి కూడా ఉండాలి అని వాళ్లు అడిగారు. వాళ్లు పని ఆపితే ఢిల్లీ దాకా వినపడింది. తెరను కదిలించే బలం మన చేతుల్లో ఉందని ఆ సమ్మె చెప్పింది. అడగాల్సింది ఏంటనేది మనం తేల్చుకోవాలి.

గోడకు వచ్చిన టీవీ, చీలిపోయిన అరుగు

1990ల్లో కేబుల్ వచ్చింది. 1995లో తెలుగులో ప్రైవేటు చానెళ్లు వచ్చాయి. చీటీ పాడి, వాయిదాల మీద, మన ఇళ్లలోకీ టీవీలు వచ్చాయి. 2001 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 35 ఇళ్లలో రేడియో, 32 ఇళ్లలో టీవీ ఉన్నాయి. 2011కి వచ్చేసరికి రేడియో 20 ఇళ్లకు పడిపోయింది, టీవీ 47 ఇళ్లకు పెరిగింది. మన పిల్లలు ఇక కిటికీ బయట నిలబడక్కర్లేదు. ఇది చిన్న సంగతి కాదు. "టీవీ కొని చెడిపోయారు" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఊచల మధ్య మొహం పెట్టి నిలబడ్డ అమ్మ తన కూతురికి మంచం మీద కూర్చుని చూసే చోటు సంపాదించింది. అది గెలుపే.

కానీ ఆ గెలుపుతో పాటు ఒకటి పోయింది. చర్చి మెట్ల మీద అందరం కలిసి విన్నాం, విన్నదాని మీద మాట్లాడుకున్నాం, తగువులాడుకున్నాం. ఇప్పుడు 60 గడపల్లో 60 టీవీలు. ఫోన్లు వచ్చాక ఒక్క ఇంట్లోనే నలుగురు నాలుగు మూలల్లో. అందరూ చూసేది ఒకటే, ఎవరి తలుపు వాళ్లది.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. మీటింగుకు రాకుండా సీరియళ్లు చూస్తన్నారని మగ కార్యకర్తలు నాకు ఫిర్యాదు చేస్తా ఉంటారు. 2019లో కేంద్ర ప్రభుత్వం మనుషులు రోజులో ఏ పనికి ఎంత టైము పెడతన్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు చేస్తన్నారు, మగవాళ్లు 97 నిమిషాలు. అంటే ఆడమనిషి అయిదు గంటలు, మగాడు గంటన్నర. కూలికి పోయొచ్చాక మన అక్కలు చేసేది ఇది. మీరు సాయంత్రం మన ఇళ్లలోకి పోయి చూడండి. సీరియలు మోగతా ఉంటది, అక్క పొయ్యి దగ్గర ఉంటది. ఆమె టీవీ చూడదు, వింటది. కూర తిప్పుతా, బియ్యం ఏరుతా వింటది. ఏడుపు వినపడితే ఒకసారి తొంగి చూసి మళ్లీ పొయ్యి దగ్గరికి పోద్ది. మా అయ్య కొట్టంలోంచి రేడియో విన్నట్టే. రోజంతా ఎవరో ఒకరి మాట వినే మనిషికి ఆ అరగంటే తనది. మనం మీటింగ్ పెట్టి సరిగ్గా ఆ అరగంటనే లాక్కుంటన్నాం. రాలేదని తిడతన్నాం. వంట ఎవరు చేస్తారో చెప్పకుండా 8 గంటలకు రమ్మంటే ఎట్లా వస్తది?

తెర మీద మనం ఎక్కడ?

ఇక ఆ తెర మీద ఏముంది? ఆ ఇళ్లు చూడండి. నిద్ర లేచినా పట్టుచీరే. పూజగది, నగలు, ఆస్తి పంపకాలు. కూలికి పోయి సాయంత్రం కాళ్లు కడుక్కునే మనిషి ఇల్లు మధ్యలో పెట్టి నడిచిన సీరియలు మీరు ఎన్ని చూశారు? వేళ్ల మీద లెక్కపెట్టండి. పనిమనిషి వస్తది, మన యాసలో మాట్లాడుద్ది, నవ్వు పుట్టించి పోద్ది. మన భాష వాళ్లకు కామెడీ.

వార్తల్లో మనం ఎప్పుడు కనపడతాం? చచ్చినప్పుడు. 1985 జూలై 17న కారంచేడులో 6గురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని నరికారు. అప్పుడు రేడియో, టీవీ రెండూ ప్రభుత్వానివే. కారంచేడు మాట ఊరూరికీ ఎట్లా పోయింది? చీరాల శిబిరానికి వచ్చిపోయిన మనుషుల కాళ్ల మీద పోయింది, పాటల మీద, కరపత్రాల మీద, ఇలాంటి చిన్న పత్రికల మీద పోయింది. ఆ మాటలోంచే దళిత మహాసభ పుట్టింది. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో భూమి దగ్గర 5గురు దళితుల్ని చంపేనాటికి తెలుగులో 24 గంటల వార్తా చానెళ్లు ఎన్నో ఉన్నాయి. ఎన్ని రాత్రులు దాని మీద చర్చలు పెట్టారో మీరే గుర్తు చేసుకోండి. ఒక సినిమా హీరో పెళ్లికి ఎన్ని గంటలు ఇచ్చారో అదీ గుర్తు చేసుకోండి.

కారణం వెతికితే మళ్లీ కుర్చీ దగ్గరికే వస్తాం. 2006లో ఢిల్లీలో 37 పత్రికలు, చానెళ్లలో నిర్ణయాలు తీసుకునే 315 మంది పెద్దల లెక్క తీశారు. ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. 2019లో ఇంకో సర్వే వచ్చింది. 121 పెద్ద పదవుల్లో 106 అగ్రకులాలవి. మళ్లీ ఎస్సీ, ఎస్టీ సున్నా. పదమూడేళ్లలో చానెళ్లు పెరిగినయ్, మనుషులు మారలేదు. ప్రభుత్వ ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంది కాబట్టి మా అన్న గ్యాంగ్‌మన్ అయ్యాడు. వార్త ఏదో తేల్చే ఆ ప్రైవేటు కుర్చీకి రిజర్వేషన్ లేదు.

మన నోరు మనమే

మన పెద్దలు ఈ సంగతి ముందే పసిగట్టారు. బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పెట్టారు. అంటే మూగవాళ్ల నాయకుడు. భాగ్యరెడ్డివర్మ హైదరాబాద్‌లో 1931లో 'భాగ్యనగర్' పక్షపత్రిక నడిపారు. మనది మనమే చెప్పుకోవాలి అన్నారు. గాలి తరంగాల దగ్గర మాత్రం చాలాకాలం సర్కారు తాళం ఉండింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ప్రజలు అంటే ఎవరు? డబ్బున్నవాళ్లు ముందు పరిగెత్తి చానెళ్లు పెట్టుకున్నారు. లాభం చూసుకోని సంఘాలు సొంత రేడియో పెట్టుకోవడానికి 2006లో గానీ అనుమతి రాలేదు.

అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత ఆడవాళ్లు 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' మొదలెట్టారు. ఊళ్లో సంఘాలు పెట్టుకుని చిరుధాన్యాలు పండించే చిన్న రైతులు, కూలి ఆడవాళ్లు. నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు దళిత యువతులు ఆ స్టూడియో నడిపారు. మైకు వాళ్లదే, మిషను వాళ్లదే, మాట వాళ్లదే. చుట్టూ 25 కిలోమీటర్ల మేర వినపడేది. ప్రసారం రాత్రి 7 నుంచి 9 దాకా పెట్టుకున్నారు. ఎందుకు ఆ టైము? పొద్దంతా చేలో ఉండే మనిషి వినగలిగేది అప్పుడే కాబట్టి. విత్తనం ఎట్లా దాచాలి, ఏ ఆకు దేనికి మందు, పెద్దమ్మలు పాడే పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. యాస అక్కడ కామెడీ కాదు. అయితే ఇలాంటి రేడియోలు సొంత వార్తలు చెప్పకూడదని సర్కారు షరతు పెట్టింది. పాట పాడుకోండి, వార్త మాత్రం మాకొదిలెయ్యండి అని. ఎక్కడ భయమో దాంతోనే తెలుస్తోంది.

ఇవాళ మన కుర్రాళ్ల జేబుల్లో ఫోన్లున్నయ్. రికార్డు చెయ్యొచ్చు, పదివేల మందికి పంపొచ్చు. మంచి ఆయుధం, కానీ రెండు అంచుల కత్తి. అబద్ధం కూడా అదే దారిన వస్తది, మన మీద విషం కూడా అదే దారిన వస్తది. మా అయ్య విన్నది నలుగురిలో చెప్పేవాడు, తప్పుంటే అక్కడే ఎవరో సరిచేసేవాళ్లు. ఫోనులో ఒంటరిగా చూసేవాడిని సరిచేసేది ఎవరు?

మరి ఏం చేద్దాం?

ఆ శ్మశానం దారి పల్లెకి మళ్లీ వస్తా. ఆ రాత్రి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె లేచి అడిగింది: "మీకు వీలైన టైముకు మీటింగ్ పెడతారు. మాకు వీలైన టైము ఎప్పుడన్నా అడిగారా?" అని. మేం తలొంచుకున్నాం. ఆమె చెప్పిన ప్రకారం తర్వాతి మీటింగ్ మధ్యాహ్నం, ఉపాధి పని దగ్గర, అన్నం తినే వేళ చెట్టు కింద పెట్టాం. 40 మందికి పైగా వచ్చారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. దారి కోసం అర్జీ అక్కడే రాశాం. వారం తర్వాత అందరూ కలిసి మండలాఫీసుకు పోయారు. సర్వేయరు వచ్చి కొలిచాడు. దారి ఇంకా పడలేదు, పని నడుస్తోంది. కానీ "ఈ జనం బాగుపడరు" అన్న కుర్రోడే ఇప్పుడు ఆ పల్లెకి వారానికి రెండుసార్లు పోతన్నాడు.

కాబట్టి మీరు ఊళ్లకు పోయాక నాలుగు పనులు చెయ్యండి.

ఒకటి. పదిహేను రోజులు నోటుపుస్తకం పెట్టండి. మీ బజార్లో అయిదు ఇళ్లు తీసుకోండి. ఎవరు, ఏ టైముకు, ఏం చూశారు, ఏం విన్నారు, పొయ్యి దగ్గర నుంచి విన్నదెవరు, మంచం మీద నుంచి చూసిందెవరు, రాయండి. అందులో మన సంగతి ఎన్ని నిమిషాలు వచ్చిందో పక్కన రాయండి. ఆ లెక్క ఈ పత్రికకు పంపండి.

రెండు. మీటింగ్ టైము ఆడవాళ్లు పెట్టాలి. మీటింగ్ రోజు వంట మగవాళ్లు చెయ్యాలి. ఇది హాస్యానికి చెప్పట్లేదు.

మూడు. వారానికి ఒక సాయంత్రం అందరూ ఒక్కచోట చూడండి. వార్తలే చూడండి, సీరియలే చూడండి, ఫోనులో వచ్చిన వీడియోనే చూడండి. చూశాక అరగంట మాట్లాడుకోండి. ఇది నిజమా, ఎవరు చెప్పారు, ఎవరికి లాభం అని అడగండి. చర్చి మెట్ల అరుగును మళ్లీ తెచ్చుకుందాం.

నాలుగు. మన పెద్దవాళ్లు పోతన్నారు, పాటలూ వాళ్లతోనే పోతన్నయ్. ఫోనులో రికార్డు చెయ్యండి. పాట ఒక్కటే కాదు, ఎవరి చేలో ఎంత కూలికి పాడారో కూడా అడిగి రికార్డు చెయ్యండి.

మా అయ్య చనిపోయేదాకా పొద్దున్నే రేడియో విన్నాడు. ఆఖరి రోజుల్లో మా ఇంటి అరుగు మీద, సొంత రేడియో, సొంత మంచం. నేనడిగా ఒకసారి, "ఇప్పుడెట్లా ఉంది అయ్యా?" అని. "మాట అదేరా, పేడ వాసనే లేదు" అన్నాడు. వినే చోటు మార్చుకోవడానికి ఆయనకు ఒక జీవితం పట్టింది. మాట కూడా మార్చడం మన తరం పని.

జై భీమ్.